పాత పికప్ ట్రక్కు - చక్రాలు, బ్రేకులు

వాహనానికి వేగం ఎంత అవసరమో, ఆ వేగాన్ని అదుపు చేసే సాధనం అంతకంటె అవసరం. వేగం రెట్టింపయితే బ్రేకులు హరించవలసిన గతిజశక్తి నాలుగింతలవుతుంది. ఆ శక్తి రాపిడివల్ల ఉష్ణంగా మారుతుంది. పాత బండ్లకు కొత్త చక్రాలు అమర్చేవారు తరచు విస్మరించే సత్యమిది. వారి దృష్టి చక్రపు అందంపైనే నిలుస్తుంది. దాని వెనుకనున్న బ్రేకు కంటికి ఆనదు.

అమెరికాలో పొలాలకూ చిన్న వ్యాపారాలకూ చిరకాలం సేవచేసిన షెవర్లే సి-10 ట్రక్కు ఇందుకు చక్కని ఉదాహరణ. 1970 వరకు దీని ముందు చక్రాలకు డ్రమ్ము బ్రేకులుండేవి. డ్రమ్ము వేడెక్కినప్పుడు వ్యాకోచించి, లోపలినుంచి ఒత్తే షూలకు దూరమవుతుంది. దిగుడు దారిలో పెడల్‌ను ఎంత తొక్కినా బండి ఆగకపోవడానికి ఇదొక కారణం. 1971 నమూనానుంచి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చాయి. వీటిలో రోటర్ అనే ఇనుప బిళ్ల చక్రంతోపాటు తిరుగుతుంది. కాలిపర్‌లోని రెండు ప్యాడ్లు దానిని ఇరువైపులా అదిమిపట్టి ఆపుతాయి. గాలి ధారాళంగా తగలడంవల్ల అది త్వరగా చల్లబడుతుంది.

ఆ నమూనాలోనే మరొక మార్పు కూడా జరిగింది. వెనుక చక్రాల చోదనం గల అరటన్ను బండ్లలో చక్రాన్ని పట్టి ఉంచే బోల్టులు ఆరునుంచి ఐదుకు తగ్గాయి. వాటి కేంద్రాలమీదుగా గీసిన వృత్తపు వ్యాసం 139.7 మిల్లీమీటర్లనుంచి 127 మిల్లీమీటర్లయింది. కనుక 1969 నాటి బండి ముందుభాగంలో 1971 నాటి డిస్క్ బ్రేకులను అమర్చితే ముందు ఐదు, వెనుక ఆరు బోల్టులుంటాయి. వెంట ఉంచుకొనే ఒక్క స్టెప్నీ చక్రం రెండింటికీ పనికిరాదు. నిర్జన మార్గంలో టైరు పగిలిననాడు గాని కొందరు యజమానులకు ఈ సంగతి తెలిసిరాదు!

ఆరు రంధ్రాల చక్రంలో ఎదురెదురు రంధ్రాల కేంద్రాల మధ్య దూరమే వ్యాసం. ఐదు రంధ్రాలున్నప్పుడు ఒకదానికి సరిగా ఎదురుగా మరొకటి ఉండదు. పక్కపక్క రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని 1.7తో గుణిస్తే వ్యాసం సుమారుగా తెలుస్తుంది. అయితే బోల్టులు కుదిరినంత మాత్రాన పని ముగియదు. డ్రమ్ము బ్రేకుల కాలపు చక్రం ఒక్కొక్కప్పుడు కాలిపర్‌ను ఒరుసుకుంటుంది. టైరు ఎక్కించకముందే ఉత్త చక్రాన్ని బిగించి, చేతితో తిప్పి చూడడం వివేకం.

ఈ బండ్లలో ముందు రోటర్, హబ్ ఒకే భాగంగా ఉంటాయి. అందువల్ల రోటర్ మార్చడమంటే బేరింగులను విప్పడమే. వాటిలోని పాత గ్రీజును తుడిచి, కొత్తది నింపి, సీలు మార్చాలి. కొత్త రోటర్‌కు తుప్పు పట్టకుండా పూసిన నూనెను పూర్తిగా కడగాలి. లేనిచో అది ప్యాడ్లకు అంటి, బ్రేకు పట్టు సడలుతుంది. రోటర్‌పై సూచించిన కనీస మందానికి తగ్గినదానిని వాడరాదు. కుడివైపుది ఒక్కటే చెడినా ఎడమవైపుది కూడా మార్చడం మేలు; రెండింటి పట్టు సమానంగా లేకుంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. పాత బ్రేకుల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. దానిని గాలితో ఊదడం ఊపిరితిత్తులకు హానికరం.

ఐదు నట్లను వరుసగా కాక, ఒకటి విడిచి ఒకటి చొప్పున క్రమంగా బిగించాలి. అప్పుడే చక్రం హబ్‌పై సమంగా కూర్చుంటుంది. బలంకొద్దీ తిప్పక, టార్క్ రెంచితో తయారీదారు నిర్ణయించిన మేరకే బిగించి, బండి వంద కిలోమీటర్లు నడిచాక మరల సరిచూడాలి.