రాజశేఖరం సరే, జయంతి సంగతేమిటి?

పెళ్లిచూపులకొచ్చిన అబ్బాయిని పైకి ఏమీ అనకుండా, లోలోపల ‘సెక్రటరీ’ నవల హీరో రాజశేఖరంతో పోల్చి చూసుకున్న తరం ఒకటుంది. ఆ అబ్బాయికి బీహెచ్ఈఎల్‌లో ఉద్యోగమని, క్వార్టర్ కూడా వస్తుందని తెలిస్తే సర్దుకుపోయేవారు. కారు లేకపోతేనేం, పర్మనెంటు కొలువు! హైదరాబాద్ శివారు రామచంద్రాపురం కాలనీల్లో ఇప్పుడు మనవల్ని ఆడిస్తున్న అమ్మమ్మల దగ్గర ‘సెక్రటరీ’ పేరెత్తి చూడండి, మొహంలోకి నవ్వు ఎలా వస్తుందో.

ఆ రాజశేఖరాన్ని సృష్టించిన యద్దనపూడి సులోచనారాణికీ ఈ రామచంద్రాపురం, పటాన్‌చెరు దారికీ పుట్టుకతో సంబంధం లేదు. ఆమె 1940లో కృష్ణా జిల్లా కాజలో పుట్టారు. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చి కాపురం పెట్టారు. కథలతో మొదలుపెట్టి, అరవైల నడుమ ‘జ్యోతి’ మాసపత్రికలో వచ్చిన ‘సెక్రటరీ’తో ఇంటింటి పేరైపోయారు. ఊరొదిలి పట్నంలో సంసారం దిద్దుకున్న ఆడమనిషి ఆమె. సరిగ్గా ఆ రోజుల్లోనే రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ లేచింది. 1972లో పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. వాటి వెనకాలే చిన్నాపెద్దా ఫ్యాక్టరీలు. కోస్తా నుంచి, రాయలసీమ నుంచి, చుట్టుపక్కల మెదక్ పల్లెల నుంచి జనం వచ్చి చేరారు. నెలజీతం మీద బతికే ఇల్లు, అత్తగారు లేని వంటిల్లు, మగవాళ్లు డ్యూటీకి వెళ్లాక మిగిలే మధ్యాహ్నం. ఈ మూడూ కొత్తవే. ఆ మధ్యాహ్నాల్లోకే యద్దనపూడి వచ్చారు.

ఎలా వచ్చారో తెలియాలంటే ఆ ఇళ్ల అటకల మీద వెతకాలి. అలా అటక మీద దాచిన బైండు ఒకటి ఈమధ్య నా చేతిలోకొచ్చింది. వారంవారం పత్రికలోంచి జాగ్రత్తగా చింపిన సీరియల్ పేజీలు, దబ్బనంతో పొడిచి పురికొసతో కుట్టి, పైన కాకీ అట్ట. కథ పక్క కాలమ్‌లో తలనొప్పి బిళ్ల ప్రకటన, పేజీ వెనక ఎవరిదో సగం తెగిన జోకు. మధ్యలో ఒక వారం పత్రిక దొరకలేదు కాబోలు, ఆ భాగమంతా రూళ్ల కాగితాల మీద నీలం సిరాతో చేత్తో రాసి కలిపారు. ఎవరి దగ్గరో అరువు తెచ్చుకుని రాత్రికి రాత్రి ఎక్కించుకుని ఉంటారు. ఇంతకంటే పెద్ద అవార్డు ఏ రచయితకైనా ఉంటుందా, నాకు తెలియదు.

సినిమావాళ్లకు ఈ సంగతి వేగంగా అర్థమైంది. ఆమె నవల ‘విజేత’ 1972లో ‘విచిత్రబంధం’ సినిమా అయింది. మరుసటి ఏడాదే ‘జీవన తరంగాలు’, విజయనిర్మల దర్శకత్వంలో ‘మీనా’. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో ‘సెక్రటరీ’. తర్వాత ‘చండీప్రియ’, ‘అగ్నిపూలు’. నవలకు పాఠకులు ముందే ఉన్నారు కాబట్టి నిర్మాతకు సగం భయం తీరేది. కోడూరి కౌసల్యాదేవి, రంగనాయకమ్మ, ద్వివేదుల విశాలాక్షి, మన శంషాబాద్ ఆడబిడ్డ మాదిరెడ్డి సులోచన... పత్రికలను ఆడవాళ్లు ఏలిన కాలం అది. కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని రాశారంటే ఆ ఏలుబడి ఎంతటిదో ఊహించుకోండి!

విమర్శకులు మాత్రం యద్దనపూడిని ఎప్పుడూ ‘కలల వ్యాపారి’ గట్టునే కూర్చోబెట్టారు. ఆరడుగుల హీరో, పొడవాటి కారు, పాలరాతి మేడ, చివర్లో పెళ్లి. కాదనలేం. ఈ ప్రాంతంలో నిలబడి చదివితే ఇంకో లోటూ కనిపిస్తుంది. ఆమె సంపన్నుడి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో నవల చెప్పదు. నైట్ షిఫ్ట్ దిగి కళ్లెర్రగా ఇంటికొచ్చే మనిషి అందులో లేడు. ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి, బోరునీళ్లు రంగు మారి, పొలాలు పాడై రైతులు కోర్టుల చుట్టూ తిరిగిన పటాన్‌చెరు ఆ మేడ కిటికీలోంచి కనపడదు. డ్రైవర్ కారు తలుపు తీస్తాడు, అంతే.

అయినా నేను యద్దనపూడి పక్షమే. ఎందుకంటే అందరూ రాజశేఖరాన్ని చూసి, నాయిక జయంతిని వదిలేశారు. ‘సెక్రటరీ’ అనే పేరు అతనిది కాదు, ఆమెది. ఆమె ఉద్యోగానిది. మధ్యతరగతి ఇంట్లో బామ్మతో బతుకుతూ, జీతం కోసం గడప దాటిన పిల్ల. డబ్బున్నవాడు కనుసైగ చేస్తే కరిగిపోదు. చులకన చేశాడనిపిస్తే ఎదురు తిరుగుతుంది, కావాలంటే రాజీనామా కాగితం బల్లమీద పెట్టి వస్తుంది. ప్రేమ ఉన్నా అభిమానం చంపుకోదు. ఆడపిల్ల ఉద్యోగమంటే బడిపంతులమ్మో నర్సో అనుకునే రోజుల్లో, ఆఫీసులో మగ బాసు ఎదుట తల వంచకుండా ఎలా మాట్లాడాలో జయంతి చూపించింది. డబ్బు పుట్టే చోటు యద్దనపూడికి పట్టలేదు, నిజమే. ఆ డబ్బు పక్కన నిలబడి మెడ నిటారుగా ఎలా ఉంచాలో మాత్రం ఆమెకు బాగా తెలుసు. క్వార్టర్లలో ఆ నవల చదివిన తల్లుల కూతుళ్లు తర్వాత టైపు నేర్చారు, పాలిటెక్నిక్‌కి వెళ్లారు, కంప్యూటర్లు పట్టారు. అదంతా నవల పుణ్యమే అంటే అతిశయోక్తి. అసలు పాత్రే లేదనడం కూడా నాకు మనసొప్పదు.

ఆ కూతుళ్లలో చాలామంది అమెరికా వెళ్లారు. యద్దనపూడి కూడా చివరి రోజులు కాలిఫోర్నియాలోని కూపర్టినోలో కూతురి దగ్గరే గడిపి, 2018 మే నెలలో అక్కడే కన్నుమూశారు. అంతకు రెండేళ్ల ముందు ‘అ ఆ’ సినిమా వచ్చినప్పుడు ఇది ‘మీనా’యే కదా అని పాత పాఠకులు మొదటి వారంలోనే పట్టేశారు. నలభై ఏళ్లు దాటినా కథ మరిచిపోలేదు వాళ్లు.

ఇప్పుడు కొత్తగా చదవాలనుకునేవాళ్లు ‘సెక్రటరీ’తో కాకుండా ‘మీనా’తో మొదలుపెట్టడం మేలు. రెండు భాగాలు, కాస్త ఓపిక కావాలి. పట్నం డాబులో పెరిగిన పిల్ల పల్లెకెళ్లి బావ ఇంట్లో పని నేర్చుకునే ఘట్టాలు ఇవాళ్టికీ పరుగెత్తిస్తాయి. అన్నిటికన్నా మీనా తల్లి కృష్ణవేణిని చూడండి. ఇంటిల్లిపాదినీ గుప్పిట్లో పెట్టుకున్న అలాంటి తల్లిని యద్దనపూడి హీరోలెవరూ గెలవలేరు.