ఏ ప్రశ్న ఎవరికి? – కల్పిత లోకాల క్రీడలో జిజ్ఞాసకు గల హద్దులు

ప్రశ్నించడం జ్ఞానానికి తొలి మెట్టు అని పెద్దలు చెబుతారు. ఆ ప్రశ్నను తగిన చోట అడగడం రెండవ మెట్టు. ఈ రెండవ మెట్టు ఎంత ముఖ్యమైనదో ఇంజనీరింగ్ వృత్తిలో ఉన్న మాబోటి వారికి నిత్యానుభవమే. పునాది లోతును గురించి సందేహం కలిగితే దానిని డిజైన్ విభాగానికి వ్రాసి పంపుతాము. సిమెంటు బస్తాలను ఏ షెడ్డులో దించాలన్న సందేహాన్ని సైట్ ఇంజనీరే తీరుస్తాడు. మొదటి ప్రశ్నను సైటులోనే తేల్చివేసినా, రెండవ ప్రశ్నను ప్రధాన కార్యాలయానికి పంపి జవాబు కోసం ఎదురు చూసినా పని చెడక తప్పదు. సరిగా ఇటువంటి వివేకమే యువతరం ఆడుకునే ఒక క్రీడకు కూడా ప్రాణాధారమని గ్రహించి, ఆ విషయాన్ని మన సంస్థ కుటుంబ సభ్యులతో పంచుకోవాలన్న సంకల్పంతో ఈ వ్యాసానికి పూనుకున్నాము.

ఆ క్రీడ పేరు రోల్ ప్లేయింగ్ గేమ్. తెలుగులో పాత్రధారణ క్రీడ అనవచ్చును. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు నిర్వాహకుడు; తక్కినవారు తలా ఒక పాత్ర – యోధుడు, మాంత్రికుడు, పూజారి, దొంగ. నిర్వాహకుడు ఒక సన్నివేశాన్ని వర్ణిస్తాడు. తమ పాత్ర ఏమి చేస్తుందో ఆటగాళ్లు చెబుతారు. ఫలితం సందేహాస్పదమైన చోట ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది. ఇక్కడ గెలుపు ఓటములు ముఖ్యం కావు. నెలల తరబడి సాగే ఒక ఉమ్మడి కథయే ఫలం. ఈ కోవకు ఆద్యమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా పట్టణం నుండి వెలువడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాని రూపకర్తలు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు – తొలినాటి సామగ్రి అంతే.

లోకవృత్తాంతం అంటే ఏమిటి?

ఇటువంటి క్రీడలో ప్రశ్నలు రెండు తీరులుగా పుడతాయి. కత్తి దెబ్బకు ఎంత నష్టం, మంత్రం ఎంత దూరం పనిచేస్తుంది అన్నవి నియమాలకు సంబంధించినవి. ఆ రాజ్యాన్ని ఎవరు స్థాపించారు, ఆ దేవతకు ఈ దేవతతో వైరమెందుకు అన్నవి ఆ కల్పిత లోకపు చరిత్రకు, ఆచారాలకు సంబంధించినవి. ఈ రెండవ దానినే ఆటగాళ్లు 'లోర్' అంటారు. మనము లోకవృత్తాంతం అందాము.

ఇది మనకు కొత్త కాదు. వ్యాస భారతంలో శశిరేఖ కనిపించదు. అయినా 1957 నాటి మాయాబజార్ చూచిన తెలుగువానికి శశిరేఖ లేని అభిమన్యుడు ఊహకే అందడు. 'బలరామునికి శశిరేఖ అనే కుమార్తె ఉన్నదా?' అని ఎవరైనా అడిగితే, 'ఏ కథలో?' అని తిరిగి అడగడమే సరియైన సమాధానం. ఏ గ్రంథాన్ని ఆధారంగా తీసుకున్నారో చెప్పకుండా అడిగిన ప్రశ్నకు జవాబు ఉండదు. వాదన మాత్రమే ఉంటుంది.

ఒక మరణం – నాలుగు ప్రశ్నలు

ఉదాహరణకు ఆటలో ఒక యోధుడు మరణించాడనుకుందాము. వెంటనే నాలుగు ప్రశ్నలు తలెత్తుతాయి.

మొదటిది: అతనిని బ్రతికించవచ్చునా? 2014 నాటి అయిదవ ఎడిషన్ నియమాలలో మృతులను లేపే 'రెయిజ్ డెడ్' అనే మంత్రం ఉన్నది. మరణించి 10 రోజులు మించరాదు. 500 బంగారు నాణేల విలువ గల వజ్రం వ్యయం కావాలి. ఆత్మ తిరిగి రావడానికి సమ్మతించాలి. ఇది నియమ ప్రశ్న. పుట తిప్పితే జవాబు దొరుకుతుంది.

రెండవది: అంతవరకూ ఆ ఆత్మ ఎక్కడ ఉంటుంది? ఫర్గాటెన్ రెల్మ్స్ అనే ప్రసిద్ధ కల్పిత లోకంలో ఆట సాగుతున్నట్లయితే, మృతాత్మలు ఫ్యూగ్ ప్లేన్ అనే చోట తమ దేవతల దూతల కొరకు వేచి ఉంటాయని గ్రంథాలు చెబుతున్నాయి. ఇది అచ్చమైన లోకవృత్తాంత ప్రశ్న. దీనికి ఆధారం ఉన్నది. కనుక నలుగురిలో అడగదగినది, నలుగురికీ ఉపయోగపడునది.

మూడవది: ఈ ఊరి గుడిలోని పూజారి ఒక పేద యోధుని కొరకు ఆ మంత్రం చదవడానికి ఒప్పుకుంటాడా? ఈ ఊరు, ఈ పూజారి ఏ గ్రంథంలోనూ లేరు. ఆ బల్ల దగ్గరే పుట్టారు. కనుక జవాబు కూడా అక్కడే పుట్టాలి. దీనిని ఎంతటి పండితుని ముందుంచినా ఆయన తన అభిరుచిని చెప్పగలడే గాని ప్రమాణాన్ని చూపలేడు.

నాలుగవది: పది రోజుల గడువే ఎందుకు? ఇది రూపకర్తల ఉద్దేశానికి సంబంధించినది. వారు ఎక్కడైనా చెప్పి ఉంటే జవాబు ఉన్నది. లేకుంటే మిగిలేది ఊహయే. ఊహించడం తప్పు కాదు, ఊహను ప్రమాణంగా చలామణి చేయడమే తప్పు.

ఒకే మరణం, నాలుగు ప్రశ్నలు, నాలుగు చిరునామాలు. ఉత్తరం ఎంత చక్కగా వ్రాసినా చిరునామా తప్పితే చేరదు గదా!

డ్రాయింగ్ మారినప్పుడు

ఆధారం ఉన్న ప్రశ్నలోనూ ఒక చిక్కు ఉన్నది. ఫర్గాటెన్ రెల్మ్స్ లోకంలో మృతులకు అధిపతి ఎవరు? 1987లో వెలువడిన తొలి పెట్టెను ఆధారం చేసుకుంటే మిర్కుల్. కొన్నేళ్లకు వచ్చిన నవలలలో ఆ పదవి సిరిక్‌కు, అటుపిమ్మట కెలెంవోర్‌కు సంక్రమించింది. ముగ్గురి పేర్లూ సరియైనవే. కాలం మాత్రం వేరు. మన భాషలో చెప్పాలంటే, డ్రాయింగు నంబరుతో పాటు రివిజన్ నంబరు కూడా చూడాలి. పాత రివిజన్ ప్రకారం కట్టిన గోడ నిన్నటికి సరియైనది, నేటికి కాదు.

ఈ చిక్కును గమనించే కాబోలు, ప్రచురణకర్తలైన విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ తరఫున ప్రధాన రూపకర్తలలో ఒకరైన జెరెమీ క్రాఫర్డ్ 2021లో ఒక స్పష్టీకరణ ఇచ్చారు. 2014 నుండి వచ్చిన క్రీడా గ్రంథాలలో ఉన్నదే తమకు ప్రమాణమనీ, పాత గ్రంథాలు, నవలలు ఆ కోవలోకి రావనీ దాని సారాంశం. పాత నవలలను ప్రేమించిన వారికి ఇది కొంత బాధ కలిగించే మాటయే. అయితే ఆ నవలలను ఎవరూ చెరిపివేయలేదు. తమ బల్ల దగ్గర వాటినే ప్రమాణంగా ఎంచుకునే స్వేచ్ఛ ఆటగాళ్లకు నేటికీ ఉన్నది. ఎంచుకున్న సంగతిని ముందుగా చెప్పుకోవాలి, అంతే.

కర్తలు చూపిన దారి

కల్పనకు కర్తలైన వారే ఈ విషయంలో ఎంత ఉదారంగా ఉన్నారో తెలుసుకోవడం ఆసక్తికరం. 1974 నాటి ఆ తొలి పుస్తకాల చివరనే రూపకర్తలు పాఠకులకు ఒక మనవి చేశారు. అంతా కల్పనయే గనుక పాఠకులు తమకు ఎలా నచ్చితే అలా నిర్ణయించుకోవడమే ఉత్తమమనీ, వారి తరఫున ఊహించే పనిని రూపకర్తలకు అప్పగించడమెందుకనీ దాని భావం. అయినా ఉత్తరాలు ఆగలేదు. డ్రాగన్ అనే పత్రికలో 1979లో 'సేజ్ అడ్వైస్' అనే ప్రశ్నోత్తరాల శీర్షిక మొదలైంది. జీన్ వెల్స్ దానికి తొలి నిర్వాహకురాలు. తరువాతి కాలంలో స్కిప్ విలియమ్స్ దానిని దీర్ఘకాలం నడిపారు. స్వేచ్ఛ ఇచ్చినా మనిషి ప్రమాణాన్ని కోరుకుంటాడనడానికి ఇది నిదర్శనం.

ఫర్గాటెన్ రెల్మ్స్ సృష్టికర్త ఎడ్ గ్రీన్‌వుడ్ కెనడా దేశీయుడు, గ్రంథాలయోద్యోగి. ఆయన తన లోకపు విశేషాలను చాలావరకు ఎల్మిన్‌స్టర్ అనే వృద్ధ మాంత్రికుని నోట చెప్పించారు. ఇందులో ఒక ఉపాయం ఉన్నది. చెప్పేది కర్త కాదు, పాత్ర. పాత్ర పొరబడవచ్చును, దాచవచ్చును, గొప్పలు పోవచ్చును. కనుక నిర్వాహకునికి ఎప్పుడూ కొంత చోటు మిగులుతుంది.

గ్లొరాంథా అనే లోకాన్ని 1966 నుండి నిర్మించుకుంటూ వచ్చిన గ్రెగ్ స్టాఫర్డ్ మరొక అడుగు ముందుకు వేశారు. 1978లో వెలువడిన రూన్‌క్వెస్ట్ క్రీడకు ఆ లోకమే రంగస్థలం. ఆయన 1992లో ప్రచురించిన కింగ్ ఆఫ్ సార్టార్ అనే గ్రంథం ఆ లోకపు పత్రాల సంకలనం వలె ఉంటుంది. ఆ పత్రాలు ఒకదానితో ఒకటి పొసగవు. ప్రతి బల్ల దగ్గరా గ్లొరాంథా వేరుగానే ఉంటుందన్నది ఆ క్రీడాభిమానుల సూత్రం. అటువంటి లోకంలో 'ఏది నిజం?' అన్న ప్రశ్న కంటె 'ఎవరు ఏమి చెబుతున్నారు?' అన్న ప్రశ్నయే ఫలవంతం.

కర్తను గురించిన ప్రశ్న

మన ఉపఖండంతో సంబంధం గల లోకం కూడా ఒకటి ఉన్నది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా అధ్యయన శాఖలో ఆచార్యులుగా ఉన్న ఎం.ఏ.ఆర్. బార్కర్ భాషాశాస్త్రవేత్త. ఉర్దూ, బలూచీ భాషలకు పాఠ్యగ్రంథాలు రచించిన వారు. ఆయన సృష్టించిన టెకుమెల్ లోకం 1975లో ఎంపైర్ ఆఫ్ ది పెటల్ త్రోన్ అనే క్రీడగా వెలువడింది. అందులోని త్సోల్యాని భాషకు ఆయన వ్యాకరణమూ, లిపీ కల్పించారు. కనుక అక్కడ ఒక పదం ఎలా ఏర్పడిందన్న ప్రశ్నకు సైతం గ్రంథాధారం చూపవచ్చును.

అయితే 2012లో ఆయన మరణించిన పదేళ్లకు, 1991లో మారుపేరుతో వెలువడిన ఒక నాజీ అనుకూల నవల ఆయన రచనయేనని టెకుమెల్ ఫౌండేషన్ బహిరంగంగా అంగీకరించింది. ఆ లోకాన్ని ప్రేమించిన వారికి ఇది పెద్ద దెబ్బ. 'ఇది ఆటలోని విషయం కాదు, ఇక్కడ అడగవద్దు' అని తప్పించుకోవడం సులభం. మా అభిప్రాయం వేరు. ఇది ఆ లోకం లోపలి ప్రశ్న కాదు, నిజమే. ఆ లోకాన్ని గురించిన ప్రశ్న. దానికి జవాబు టెకుమెల్ చరిత్రలో కాక మన చరిత్రలో వెదకాలి. హద్దులు గీసేది ప్రశ్నను సరియైన చోటికి పంపడానికే గాని, అప్రియమైన ప్రశ్నను గెంటివేయడానికి కాదు.

బల్ల దగ్గర న్యాయం

ఇదంతా వినోదమే గదా, ఇంత విచారణ అవసరమా అని కొందరు సహోద్యోగులు అనవచ్చును. ఒక సెలవు దినాన టౌన్‌షిప్ కమ్యూనిటీ హాలులో మేము చూచిన సంఘటన చెబుతాము. కళాశాల పిల్లలు అయిదుగురు ఆడుకుంటున్నారు. ఎనిమిది నెలలుగా ఒక కుర్రవాడు పెంచుకుంటూ వచ్చిన పాత్ర ఆనాడు మరణించింది. అతని ముఖం వాడిపోయింది. బ్రతికించే మంత్రం ఉన్నదని ఒకరు గుర్తు చేయగానే, అందరిలో పెద్దవాడు ఏదో పాత నవలను ఉదహరించి అది కుదరదన్నాడు. నిర్వాహకురాలు ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి. ఆమె శాంతంగా, 'అన్నయ్యా, నవలలో అలా ఉండవచ్చు. మనం మొదటి రోజు ఒప్పుకున్నది ఈ పుస్తకాన్నే. వాడి పాత్ర చచ్చిపోయాక కొత్త పుస్తకం తెస్తే ఎలా?' అన్నది. పూజారి ఒప్పుకుంటాడా లేదా అన్నది మాత్రం అందరూ కలిసి ఆడి తేల్చారు. ఆ నిర్ణయాన్ని ఆమె ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి వ్రాసుకున్నది.

మన సైట్ ఆర్డర్ పుస్తకమే మాకు జ్ఞాపకం వచ్చింది. అక్కడికక్కడ నిర్ణయం తీసుకునే అధికారం వ్రాసి ఉంచుకునే బాధ్యతతోనే నిలుస్తుంది. ప్రతి చిన్న విషయానికీ గ్రంథాన్ని అడిగితే బల్ల చుట్టూ ఉన్నవారి ఊహాశక్తి ఎండిపోతుంది. దేనికీ గ్రంథాన్ని అడగకపోతే గొంతు పెద్దదైన వాని మాటే శాస్త్రమవుతుంది. నష్టపోయేది ఎప్పుడూ మెత్తనివాడే.

మూడు గీటురాళ్లు

కనుక కల్పిత లోకాన్ని గురించి ఒక ప్రశ్నను నలుగురి ముందు ఉంచే ముందు మూడు విషయాలు సరిచూచుకోవాలి. ఒకటి, ఏ గ్రంథం, ఏ ఎడిషన్, ఆ లోకపు ఏ కాలం అన్నది ప్రశ్నలోనే చెప్పామా? రెండు, జవాబు తప్పని గాని ఒప్పని గాని నిరూపించగల ఆధారం ఉండే అవకాశమున్నదా? మూడు, ఆ జవాబు మన బల్లకు వెలుపల ఉన్న వారికి కూడా వర్తిస్తుందా? మూడింటికీ అవునన్న సమాధానం వస్తే అది నిస్సందేహంగా నలుగురిలో అడగదగిన ప్రశ్న. మొదటిది లోపిస్తే ప్రశ్నను సవరించుకోవాలి. రెండవది లోపిస్తే తీరికవేళ సరదాగా చర్చించుకోవాలి. మూడవది లోపిస్తే బల్ల దగ్గరే తేల్చుకోవాలి. ఏ ప్రశ్నా వ్యర్థం కాదు. చోటు మాత్రమే వేరు.

మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగికి కూడా ఒక ఆసనం ఉన్నది. అసందర్భమైన ప్రశ్నను సైతం బయటకు నెట్టక, దానికొక స్థానం కేటాయించి, ఆ స్థానంలోనే అడగనిచ్చిన సంప్రదాయం మనది. నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు ఘంటలు లెక్కపెట్టమనడు. ఘంట మ్రోగించేవాడు సమస్య ఇవ్వడు. ఎవరి ప్రశ్న వారిదిగా ఉన్నందుననే సభ రక్తి కడుతుంది.

మన పిల్లలు ఇటువంటి ఆటలలో మునిగి తేలుతున్నప్పుడు, కాలం వృథా చేస్తున్నారని విసుక్కోవడానికి ముందు ఒక్కసారి ప్రక్కన కూర్చుని వినవలసిందిగా తల్లిదండ్రులకు మా విజ్ఞప్తి. 'అది ఎక్కడ వ్రాసి ఉంది?' అని ఒకరూ, 'వ్రాసి లేదు కనుక మనమే నిర్ణయిద్దాము' అని మరొకరూ అనడం వినిపిస్తే సంతోషించండి. ఆధారానికి తల వంచడం, ఆధారం లేని చోట బాధ్యతతో నిర్ణయించడం – ఏ ఉద్యోగానికైనా ఇంతకు మించిన శిక్షణ అరుదు.