షట్టరు బిగిసిందా? కాంక్రీటు ఉబ్బుతోందేమో!

తూము షట్టరు ఎంత తిప్పినా పైకి రాదు. గ్రీజు రాస్తారు, మరలు మారుస్తారు, అయినా అంతే. చివరి ఆయకట్టులో నారు ఎండుతుంది. అందరూ తుప్పునే తిట్టుకుంటారు. చాలాచోట్ల అది నిజమే. కొన్నిచోట్ల మాత్రం దోషం షట్టరుది కాదు, దాన్ని పట్టుకున్న కాంక్రీటుది.

సిమెంటులో క్షారం ఉంటుంది. కొన్ని రకాల కంకర, ఇసుకల్లోని సిలికాతో అది కలిస్తే జిగురులాంటి పదార్థం పుడుతుంది. ఆ జిగురు తడి పీల్చి ఉబ్బుతుంది, కాంక్రీటును లోపలి నుంచే చీలుస్తుంది. ఎండిన చెరువు నెర్రెలు విచ్చినట్టు పైన బీటలు పడతాయి. కాలిఫోర్నియాలో థామస్ స్టాంటన్ అనే ఇంజనీరు 1940లో దీన్ని బయటపెట్టాడు. మన దేశంలో ఒడిశాలోని హీరాకుడ్, ఉత్తరప్రదేశ్‌లోని రిహాండ్ డ్యాంలలో ఈ జబ్బు కనిపించింది. రిహాండ్‌లో విద్యుత్ కేంద్రం యంత్రాల అమరిక కూడా దెబ్బతింది.

చిక్కేమిటంటే, 28 రోజుల బలం పరీక్షలో ఇది బయటపడదు. బీటలు కనబడేసరికి పది, ఇరవై ఏళ్లు దాటిపోవచ్చు. అందుకే కంకరనే ముందుగా పరీక్షించాలి. కంకరను పొడిచేసి, సిమెంటుతో చిన్న కడ్డీలు పోస్తారు. వాటిని 80 డిగ్రీల వేడిలో, కాస్టిక్ సోడా నీళ్లలో 14 రోజులు ఉంచి పొడవు కొలుస్తారు. సాగుడు 0.10 శాతం లోపు ఉంటే మామూలుగా భయం లేదు. 0.20 దాటితే ఆ రాయి ప్రమాదకరం. మధ్యలో ఉంటే వేరే పరీక్షలూ చేయాలి. పాతిక సెంటీమీటర్లకు 0.10 శాతమంటే పావు మిల్లీమీటరే! అయితే అదే లెక్కన ఐదు మీటర్ల కట్టడం ఐదు మిల్లీమీటర్లు పెరుగుతుంది. షట్టరు బిగియడానికి అది చాలదూ?

ఇంకో పరీక్షలో కాంక్రీటు దిమ్మెలనే 38 డిగ్రీల తడి వేడిలో ఏడాది ఉంచుతారు. ఆలస్యమైనా దీని ఫలితాన్నే ఎక్కువగా నమ్ముతారు.

పాత కట్టడమైతే డ్రిల్లుతో గుండ్రటి ముక్క తీసి, సూక్ష్మదర్శినిలో జిగురు ఉందేమో చూస్తారు. మరో ముక్కను తడి వేడిలో నెలల తరబడి ఉంచితే, ఇంకెంత ఉబ్బు మిగిలిందో తేలుతుంది. పైనున్న బీటను చూసి మాత్రం ఎవరూ తీర్పు చెప్పలేరు. పునాది కుంగినా, లోపలి ఇనుము తుప్పుపట్టినా బీటలు పడతాయి.

ఒకసారి మొదలైతే పూర్తి వైద్యం లేదు. కెనడాలోని మాక్టాక్వాక్ డ్యాంలో ఉబ్బుకు చోటివ్వడానికి కాంక్రీటును వజ్రాల తీగతో కోయాల్సి వచ్చింది. ముందుజాగ్రత్త అంతకంటే ఎంతో చవక. రాయి మార్చడం, క్షారం తక్కువున్న సిమెంటు వాడటం, తగిన పాళ్లలో బూడిద కలపడం. ఇది థర్మల్ విద్యుత్ కేంద్రాల ఫ్లైయాష్, పొయ్యిలో బూడిద కాదు సుమా!

ఊళ్లో కొత్త తూమో, చెక్‌డ్యామో కడుతుంటే కంకర ఏ క్వారీదో, ఈ పరీక్ష అయిందో లేదో ఆయకట్టు రైతులు ఏఈ గారిని అడగవచ్చు. పని మధ్యలో క్వారీ మారితే మళ్లీ అడగాలి.