యాంటీబయాటిక్‌కీ గ్యాస్ మందుకీ ఎడం ఎంత?

మీకు తెలుసా?

● సికింద్రాబాద్‌లో ఏ మందుల షాపులోనైనా యాంటీబయాటిక్ కొన్నవారు ‘కడుపులో మంట రాకుండా’ అని గ్యాస్ మందు కూడా అడిగి తీసుకుంటారు. రెండూ ఒకే కవర్లో ఇంటికి తెచ్చుకోవచ్చు. కానీ కొన్ని రకాలను ఒకే వేళకు వేసుకోకూడదు.

● డైజీన్, జెలుసిల్ వంటి గ్యాస్ మందుల్లో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్‌లు ఈ లోహాలతో కలిసి, పేగులు పీల్చుకోలేని పదార్థంగా మారిపోతాయి. సిప్రో అయితే ఒంటికి పట్టేది ఒక్కోసారి 90 శాతం దాకా తగ్గుతుంది. మాత్ర వేసుకున్నా జబ్బు మాత్రం లొంగదు.

● ఈ సంగతి మొదట బయటపడ్డది మన తెలుగువాడు నడిపించిన పరిశోధనలో పుట్టిన మందుతోనే! భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి సారథ్యంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనుగొన్నారు. 1948లో లోకానికి తెలిసిన ఆ మందే టెట్రాసైక్లిన్లనే యాంటీబయాటిక్‌ల కుటుంబంలో మొదటిది. అది వాడితే వికారం పుడుతోందని డాక్టర్లు తోడుగా అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఇచ్చేవారు. దానివల్ల రక్తంలో ఆరియోమైసిన్ స్థాయి పడిపోతోందని 1950లో తేలింది.

● 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది సికింద్రాబాద్ బేగంపేటలోనే. నేడు మలేరియా రాకుండా వాడే మందుల్లో డాక్సీసైక్లిన్ ఒకటి. దాన్నీ లోహాలున్న గ్యాస్ మందుతో కలిపి వేసుకోకూడదు.

● పాలతోనో, పెరుగుతోనో సిప్రో వేసుకుంటే ఒంటికి పట్టేది దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఐరన్, కాల్షియం, జింక్ మాత్రలతోనూ ఇదే చిక్కు.

● గ్యాస్‌కే వాడే ఒమెప్రజోల్ దారి వేరు. అందులో లోహం లేదు కాబట్టి సిప్రోకి అడ్డుపడదు. అయితే కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది కనుక, సెఫ్‌పోడాక్సిమ్ వంటి యాంటీబయాటిక్‌లు సరిగా ఒంటపట్టవు.

● అదే ఒమెప్రజోల్ మరోచోట యాంటీబయాటిక్‌కి అండ! కడుపులో పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీని వదిలించడానికి రెండు యాంటీబయాటిక్‌లతో పాటు దాన్నీ ఇస్తారు. ఆ బ్యాక్టీరియాను కనిపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ దక్కింది.

● మరి ఎడం ఎంత? లోహాలున్న గ్యాస్ మందుకు రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ సిప్రో వేసుకోవాలి. మందును బట్టి ఈ లెక్క మారుతుంది. అందుకే చీటీ రాయించుకునేటప్పుడే, ఇంట్లో వాడుతున్న గ్యాస్, ఐరన్, కాల్షియం మందుల పేర్లన్నీ డాక్టరుగారికి చెప్పి, ఏది ఎప్పుడు వేసుకోవాలో అడిగి రాయించుకోండి.