మీకు తెలుసా? తుపాకిమందు కథ

చిక్కడపల్లి టిఫిన్ సెంటర్లో ‘గన్ పౌడర్’ అంటే ఇడ్లీ మీద నెయ్యేసి అద్దుకునే కారప్పొడి. అసలు తుపాకిమందు కథకు ఆనవాలు మాత్రం నారాయణగూడకు కాస్త దూరంలోనే ఉంది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోత పోయించిన చోటది. 1795 నాటి ఆ కట్టడాన్ని జనం ‘తోప్ కా సాంచా’ అన్నారు. ఇప్పుడది గన్‌ఫౌండ్రీ.

ఆనాటి మందు సూరేకారం, గంధకం, బొగ్గుల నల్లటి పొడి. (‘నల్లమందు’ అనకండి, అది వేరే సరుకు!) నేటి పిస్తోలు తూటాల్లో ఉండేది 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే కనిపెట్టిన, పొగ అంతగా రాని మందు తరహాది. అమెరికాలో షూటర్లు దాన్ని 8 పౌండ్ల డబ్బాల్లో కొని, పేలిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరి తెచ్చి, ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారు. చవకని కొందరు, గురి కుదురుతుందని కొందరు.

మన దగ్గర అలా కుదరదు. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు తయారుచేసే హక్కు రాదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం దానికి వేరే లైసెన్సు ఉండాలి. 2019 సవరణ తర్వాత, అది లేకుండా చేస్తే కనీసం 7 ఏళ్ల జైలు.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే మిత్రులారా, ఆ సెక్షన్ నంబరు రాసిపెట్టుకోండి.