తలక్రిందు షాక్ అబ్జార్బరు ఎవరికి వలయును?

నంద్యాలకును మహానందికిని నడుమ చాలచోట్ల నేల నల్లరేగడి. ఈ మన్ను వానలకు నీరు పీల్చి ఉబ్బును, ఎండలకు బీటలు వాఱి క్రుంగును. అందుచేత దానిపై ఎంత నున్నగా తారు పఱచినను, కొన్ని వేసవులు గడచునప్పటికి బాట అలలు దేరి, చక్రము క్షణక్షణమును లేచుచు దిగుచు పోవలసివచ్చును. గాజులపల్లె దాటి గిద్దలూరు వైపునకు మఱలినచో నల్లమల ఘాటు. అక్కడ గతుకులకు మలుపులు తోడగును. వేగముమీది మక్కువతో కారును మెఱుగుపఱచుకొన గోరువారు ఇట్టి బాటలను దృష్టియందుంచుకొని ఆలోచింపవలసిన ప్రశ్న యొకటి కలదు: షాక్ అబ్జార్బరు నిటారుగా నుండునది మేలా, తలక్రిందుగా నుండునది మేలా?

కారు బరువును మోయునది స్ప్రింగు. లారీలలో ఆ పని కమానుకట్టలది. గతుకు తగిలినపుడు స్ప్రింగు అణగి, ఆ శక్తిని తనలో దాచుకొని, వెంటనే తిరిగి విడుచును. ఆ ఊగిసలాటను మాన్పుటయే షాక్ అబ్జార్బరు పని. నూనె నిండిన గొట్టము, అందులో కడ్డీ కొనకు బిగించిన పిస్టను, పిస్టనుకు సన్నని దారులు, ఆ దారులను మూయుచు తెఱచుచు నుండు పలుచని ఉక్కు బిళ్లలు: ఇంతియే దాని నిర్మాణము. కదలిక నూనెను ఆ ఇరుకు దారులగుండ త్రోయగా, చలనశక్తి ఉష్ణముగా మాఱును. గతుకుల బాటలో చాలదూరము నడచి ఆగిన కారు షాక్ అబ్జార్బరు చేతికి వేడిగా తగులుట అందువలననే.

నిటారు పద్ధతిలో లావుపాటి గొట్టము క్రింద చక్రమువైపునను, సన్నని కడ్డీ పైన కారు దేహమువైపునను ఉండును. తలక్రిందు పద్ధతిలో గొట్టము దేహమును అంటియుండగా కడ్డీ చక్రమును చేరును. గొట్టము, అందలి నూనె దేహముతో చేరుటచే, చక్రముతోబాటు ఎగిరిపడు బరువు కొంత తగ్గును; బరువు తగ్గిన చక్రము గతుకు దాటిన వెంటనే నేలను మరల పట్టుకొనును. పట్టు కలిగినప్పుడే బ్రేకునకుగాని స్టీరింగునకుగాని విలువ.

అయితే ప్రతి షాక్ అబ్జార్బరును తిరుగవేయుట కుదురదు. సామాన్యపు కార్లలో నుండు జంట గొట్టముల రకమున, వెలుపలి గొట్టములో నూనెపై కొంత గాలియో వాయువో నిలిచియుండును. తలక్రిందు చేసినచో ఆ వాయువు అడుగు వాల్వులోనికి చొరబడి, నూనె నురుగెత్తి, పట్టు చెడును. ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ద కార్బోను ఒకే గొట్టములో తేలియాడు పిస్టను నుంచి, నూనెను ఒత్తిడిగల వాయువునుండి వేఱుచేయుటచే ఈ చిక్కు తీఱినది. జర్మనీలో బిల్‌స్టైన్ సంస్థ ఈ విధానమును చేపట్టగా, 1957 లో మెర్సిడెస్-బెంజ్ కార్లకు అట్టివి అమర్చబడినవి. ఈ ఏకనాళ రకము ఎటు నిలిపినను పనిచేయును.

ఇక అసలు కీలకము మెక్‌ఫర్సన్ స్ట్రట్టులో నున్నది. 1950 ప్రాంతమున ఫోర్డు కార్లలో వాడుకలోనికి వచ్చి, నేడు మన బాటలమీది చిన్న కార్లలో చాలవాటి ముందు చక్రములను నిలుపుచున్న ఈ ఏర్పాటున, షాక్ అబ్జార్బరు నూనె త్రోయుటయేగాక, మలుపులలో చక్రము ప్రక్కకు నెట్టు బలమును గూడ ఓర్చుకొనవలెను. ఆ బలమునకు వంగునది ఇరువది, ఇరువదిరెండు మిల్లీమీటర్ల లావుగల కడ్డీ. అది వెంట్రుకవాసి వంగినను, చక్రపు వాలు మాఱి, టైరు అంచుమీద నడచును. తలక్రిందు స్ట్రట్టులో కడ్డీకి బదులు, నలువది మిల్లీమీటర్లు మించిన షాక్ అబ్జార్బరు గొట్టమే బయటి తొడుగులో జాఱుచు ఆ బలమును మోయును. వంపునకు ఎదురొడ్డు బిగువు వ్యాసముయొక్క నాల్గవ ఘాతమున పెరుగును. గట్టి కడ్డీ లావును రెండింతలు చేసినచో బిగువు 16 రెట్లగును. గొట్టము బోలుది గావున అంత రాకున్నను, తన బరువే గల సన్నని పుల్లకంటె నల్లమల వెదురుబొంగు వంగక నిలుచునట్లు, ఇదియు నిలుచును. సుబారు సంస్థ తన ఇంప్రెజా ఎస్.టి.ఐ. కారునకు తలక్రిందు స్ట్రట్టుల నమర్చినది. కె.టి.ఎం. డ్యూక్ మోటారు సైకిలు ముందు ఫోర్కులలో లావు గొట్టము పైన నుండుటకును ఇదియే ప్రధానకారణము. కాని, స్ట్రట్టు విషయమున బరువు తగ్గునన్న మాట నమ్మరాదు. బయటి తొడుగు చక్రముతోడనే యుండుటచే ఆ లాభము చాలవఱకు హరించుకొనిపోవును.

దీనికి చెల్లింపవలసిన మూల్యమును కలదు. లావు గొట్టము తొడుగులో జాఱునప్పుడు రాపిడి అధికము. చిన్న గతుకులకు అది వెంటనే లొంగదు. లోపలి బుష్షులకు గ్రీజు కావలయును. అది ఎండినపుడు టకటకమను చప్పుడు పుట్టును. తొడుగులేని తలక్రిందు రకమునందు అద్దమువలె మెఱయు కడ్డీ చక్రముప్రక్కనే దుమ్మునకు, కంకరకు ఎదురుగా నుండును. రాయి తగిలి దానిపై గీటు పడినచో, ఆ గీటు నూనెను ఆపు సీలును కోయును. కాఱిన నూనె దుమ్ముతో కలిసి నల్లని పేస్టువలె అంటుకొనును. గుడ్డతో తుడిచిన మఱునాడును ఆ తడి కానవచ్చినచో సీలు చెడినదని గ్రహింపవలెను. రాయలసీమ ధూళిలో ఇది ఉపేక్షింపదగిన సంగతి గాదు.

2023 ఫిబ్రవరి 11 న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ తీరమున పరుగెత్తిన ఫార్ములా-ఇ పందెపు కార్లకు నిటారా, తలక్రిందా యను సందేహమే లేదు. వాటి షాక్ అబ్జార్బరులు చక్రములయొద్ద గాక దేహములోపల నుండును. చక్రపు కదలిక కడ్డీలద్వారా, మీటలద్వారా వాటిని చేరును. అట్టిచోట ఏ కొన పైనున్నను చక్రమునకు భారము గాదు.

కావున కొనబోవువారు తమ కారునకు ముందువైపున స్ట్రట్టు కలదా, లేదా యని మొదట విచారింపవలెను. స్ట్రట్టు గలిగి, పందెపు బాటలపైననో ర్యాలీలలోనో కఠినముగా నడుపుచు, ఏటేట విప్పి గ్రీజు పెట్టించుకొను ఓపిక గలవారికి తలక్రిందు రకము తగినది. నంద్యాల, గిద్దలూరు బాటలపై కుటుంబముతో తిరుగు కారునకు మంచి నిటారు రకమే చాలును. మిగిలిన సొమ్ముతో అరిగిన టైర్లను మార్పించుకొనుడు.