పది వేల అడుగుల లెక్క

స్మార్ట్‌వాచ్‌లో ఎన్ని సదుపాయాలున్నా చాలామంది రోజూ వాడేవి కొన్నే: టైమ్, ఫోన్ తీయకుండా చదివే మెసేజ్‌లు, పడుకునే ముందు చూసుకునే అడుగుల లెక్క. ఈ చివరిదానికే మనం అక్కర్లేనంత విలువ ఇస్తున్నాం. రోజుకు పది వేల అడుగులన్నది ఏ డాక్టరూ పరిశోధించి తేల్చింది కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో యమాసా కంపెనీ అమ్మిన అడుగుల మీటరుతో ప్రచారమైన అంకె అది. 2019లో పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్లున్న 16,741 మంది అమెరికన్ మహిళల వివరాలు ప్రచురించింది. రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 వేసేవారిలో మరణాలు బాగా తక్కువ; 7,500 దాటాక అదనపు తేడా కనిపించలేదు. నడిచేవారు ముందే ఆరోగ్యవంతులై ఉండొచ్చు గనుక ఘనతంతా నడకకే కట్టబెట్టలేం. అయినా పది వేలు చేరలేదని కుంగిపోనక్కర్లేదని తెలుస్తోంది.

లక్ష్యం లేకపోతే సోఫా దిగుతామా అంటారు. నిజమే, కానీ ఆ లక్ష్యం మన ఒంటికి తగినదై ఉండాలి. పైగా వాచ్ పట్టేది మణికట్టు కదలికను. చేతులు ఊపకుండా ట్రాలీ తోస్తూ నడిస్తే కొన్ని అడుగులు లెక్కలోకి రావు. గుండె లయ తప్పితే వాచ్ హెచ్చరిస్తుంది కదా అన్న వాదనకు బలముంది. అయితే ఇలాంటి హెచ్చరికలను పరిశీలించిన యాపిల్ హార్ట్ స్టడీలో, హెచ్చరిక అందాక ఈసీజీ ప్యాచ్ ధరించి తిరిగి పంపిన 450 మందిలో 34 శాతం మందికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ లోపం కనిపించింది. హెచ్చరిక వస్తే డాక్టరును కలవండి. ఛాతీ నొప్పి వస్తే మాత్రం వాచ్ ఏమంటోందో చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.